హామీ సంతకం

ప్రజాసేవ కోసం తన యావదాస్తినీ త్యాగం చేస్తున్నట్టు ఫైనాన్స్ గారు ప్రకటించగానే విలేకరుల కళ్ళు చెమర్చాయి. అందులో ఒకాయన కళ్ళు తుడుచుకుని, "ఎవరికి త్యాగం చేశారండీ?" అని అడిగాడు.

"మా ఆవిడకి," అన్నారు ఫైనాన్స్ గారు గంభీరంగా. "ఇల్లు, కారు, కంపెనీ, అన్నీ ఆవిడ పేరునే రాసేశాను. ఇవాళ నాదంటూ ఈ కళ్ళజోడు తప్ప ఏమీ లేదు."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఆయన బావమరిది. ఫైనాన్స్ గారి పక్కన కూర్చున్న అతని అక్క మాత్రం ఎప్పట్లాగే ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకాలు పెడుతోంది. పెళ్ళైననాటి నుంచీ ఆవిడ పని అదే. ఎప్పుడైనా చదవబోతే, "నువ్వు చదివి ఏం చేస్తావే, నేను చదివాగా" అనేవారు ఫైనాన్స్ గారు.

అసలు ఆయన జీవితమే ఒక పాఠం. ఇరుకు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలతో ఫైనాన్స్ కంపెనీ పెట్టి ఇంతవారయ్యారంటే దానికి ఒకటే సూత్రం. హామీ సంతకం లేనిదే ఎవరికీ పైసా ఇవ్వలేదు. సాక్షాత్తూ దేవుడొచ్చి అడిగినా "హామీ ఎవరు స్వామీ?" అనే రకం. "అప్పు తీసుకున్నవాడు పారిపోతాడోయ్. హామీ పెట్టినవాడికి ఇల్లుంటుంది. ఇల్లు పారిపోదు" అని బావమరిదికి బోధించేవారు.

ఆ ఇళ్ళకి వెళ్ళే పని బావమరిదిది. అందులో అతనిది అందె వేసిన చెయ్యి. అరవడు, తిట్టడు. హామీ పెట్టినవాడి ఇంటికెళ్ళి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, హాల్లో కూర్చుని "కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అంటాడు. అంతే, ఇక లేవడు. పిల్లల చదువుల గురించి అడుగుతాడు, ముసలాయన మోకాళ్ళ నొప్పులకి మందు చెబుతాడు, ఫ్యాన్ కొంచెం పెంచమంటాడు. మర్నాడూ వస్తాడు. ఆ మర్యాద భరించలేక జనం ఉన్నవి అమ్మి కట్టేసేవారు. ముక్కు పిండి వసూలు చెయ్యడం ఎవరైనా చేస్తారు, ఇతను ముక్కు తుడిచి మరీ వసూలు చేసేవాడు.

అలా కూడబెట్టిన కమిషన్లతో మేడ ఇల్లు కట్టుకున్నాడు. కింద పెద్ద హాలు, పైన గాలి వచ్చే గది, మెట్లకి నున్నటి నల్లరాయి. ఆ ఇల్లంటే అతనికి ప్రాణం. పనికి బయల్దేరినా వీధి మలుపులో ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాడు.

ఎన్నికల సభలో ఫైనాన్స్ గారు మైకు అందుకున్నారు.

"ఈ పేటకి ఆసుపత్రి కట్టిస్తాను. ఇది నా హామీ!"

ముందు వరసలోంచి దర్జీ ఆవిడ లేచింది. ఒకప్పుడు మరిది అప్పుకి హామీ పెట్టి కుట్టుమిషన్ పోగొట్టుకున్న మనిషి.

"హామీ అన్నారు, బాగుంది బాబూ. సంతకం ఎవరిది?"

"ఏం సంతకమమ్మా?"

"హామీ సంతకం. మా దగ్గర తీసుకునేవారుగా! మీకేమో కళ్ళజోడు తప్ప ఏమీ లేదంటిరి. రేపు మీరు కట్టించకపోతే మేం ఎవరింటికెళ్ళి కూర్చోవాలి?"

సభ గొల్లున నవ్వింది. ఇంకొకరైతే నీళ్ళు నమిలేవారు. ఫైనాన్స్ గారు మాత్రం "శభాష్! మా కంపెనీ వల్ల జనానికి ఎంత తెలివొచ్చిందో చూడండి" అని మెచ్చుకుని వేదిక మీద అటూ ఇటూ చూశారు. పార్టీ పెద్దలందరికీ ఒకేసారి చెప్పుల్లో ఏదో గుచ్చుకుంది, పాపం, వంగిపోయారు. వంగకుండా చప్పట్లు కొడుతూ మిగిలినవాడు బావమరిది ఒక్కడే.

"మా బామ్మర్ది ఉన్నాడు! మేడ ఇల్లుంది!"

బావమరిది చప్పట్లు ఆగిపోయాయి. "బావా, ఇంట్లో ఒక్క మాట అడిగి..."

"ప్రజలే మన ఇల్లోయ్. పెట్టు."

కంపెనీలో వాడే హామీ కాగితమే తెచ్చారు. 'అప్పు' అని ఉన్నచోట కొట్టేసి 'ఆసుపత్రి' అని రాశారు. మిగతాది బావమరిదికి కంఠతా వచ్చు. మాట తప్పితే నా ఇల్లు మీది అని దాని సారాంశం. సంతకం పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళని ఆనందబాష్పాలని పత్రికలు రాశాయి.

ఫైనాన్స్ గారు గెలిచారు. మంత్రిగారయ్యారు. ఆసుపత్రి పరిశీలనకి వెళ్ళింది. అక్కడి నుంచి కమిటీకి, కమిటీ నుంచి సబ్ కమిటీకి వెళ్ళింది. ఆ పేటలో ఏ రోగీ ఆసుపత్రి కోసం అంత తిరిగి ఉండడు.

ఒక పొద్దున బావమరిది స్నానం చేసి వచ్చేసరికి గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట. హాల్లో పేటంతా కూర్చుని ఉంది.

"కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా బాబూ?" అంది దర్జీ ఆవిడ.

ఎవరూ అరవలేదు, తిట్టలేదు. పిల్లల చదువుల గురించి అడిగారు. అతని భార్య నడుంనొప్పికి మందు చెప్పారు. ఫ్యాన్ కొంచెం పెంచమన్నారు. మర్నాడూ వచ్చారు. దగ్గేవాళ్ళు సోఫాలో, జ్వరాలవాళ్ళు చాప మీద, కాలు విరిగినాయన టీవీకి ఎదురుగా.

"ఏవండీ, నా వంటింట్లోకి నేను వెళ్ళాలన్నా 'వరసలో రామ్మా' అంటున్నారండీ!" అని భార్య భోరుమంది.

బావమరిది మంత్రిగారి దగ్గరికి పరిగెత్తాడు.

"బావా, వాళ్ళు నా సోఫాలో ఉన్నారు!"

"ఎవరోయ్?"

"రోగులు బావా."

"ఎలా ఉన్నారు?"

"వాళ్ళకేం, హాయిగా ఉన్నారు."

"చూశారా! మన పాలనలో రోగులు సైతం హాయిగా ఉన్నారు. రాసుకోండి" అన్నారు మంత్రిగారు పీఏ వైపు తిరిగి.

"మీ కాళ్ళు పట్టుకుంటాను బావా, ఆ ఆసుపత్రేదో కట్టించండి."

"నన్నడుగుతావేంటోయ్? ఇన్నేళ్ళు నా దగ్గర ఏం నేర్చుకున్నావు? హామీ పెట్టినవాడు ఉండగా అప్పు తీసుకున్నవాణ్ణి మనం ఎప్పుడైనా ఇబ్బంది పెట్టామా?"

బావమరిది ఇంటికొచ్చి, నల్లరాతి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత తాళాలు దర్జీ ఆవిడ చేతిలో పెట్టి, భార్యాపిల్లలతో రెండు గదుల అద్దె ఇంటికి మారాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, "ఇచ్చిన హామీ నిలబెట్టుకున్నాను!" అన్నారు. శిలాఫలకం మీద ఆయన పేరే చెక్కారు. కళ్ళు తిరిగి పడిపోయిన బావమరిదిని ఆసుపత్రి తొలి రోగిగా అతని పడగ్గదిలోనే చేర్చుకున్నారు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. మళ్ళీ సభ, మళ్ళీ మైకు. "ఈసారి కాలేజీ!" అన్నారు మంత్రిగారు.

"సంతకం?" అంది దర్జీ ఆవిడ, కూర్చున్నచోటి నుంచే.

ఎవరూ పిలవకుండానే బావమరిది ముందుకొచ్చాడు. "నేను పెడతాను బావా."

"నువ్వా!" మంత్రిగారు నవ్వారు. "నీకేముందోయ్, అద్దె ఇల్లు! ఆస్తి లేనివాడి సంతకం మేం తీసుకోం. ప్రజల్ని మోసం చెయ్యమంటావా?"

"నిజమే బావా. ఆస్తి ఉన్నవాళ్ళే పెట్టాలి" అని బావమరిది వినయంగా ఒప్పుకుని, కాగితం తీసుకెళ్ళి వేదిక మీద కూర్చున్న అక్క ముందు పెట్టాడు.

"అమ్మగారికి జై!" అని సభ దద్దరిల్లింది. మంత్రిగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఆవిడకివేం తెలుస్తాయి... ఒసేయ్, ఆగు, నేను చదివి..."

"ఆ కళ్ళజోడు ఒకసారి ఇలా ఇవ్వండి" అంది అక్క.

ఆయన ఇచ్చేలోపు ఆవిడే ఆయన ముక్కు మీంచి తీసుకుని పెట్టుకుంది. కాగితం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. ఒకసారి తమ్ముడి మొహంలోకి చూసింది. నింపాదిగా సంతకం పెట్టింది.

మంత్రిగారు ఈసారీ గెలిచారు. కాలేజీ పరిశీలనకి వెళ్ళింది. కళ్ళజోడు మాత్రం అక్క దగ్గరే ఉండిపోయింది. ఈమధ్య ఆవిడకి చదవడం అలవాటైంది.

ఒక పొద్దున మంత్రిగారు నిద్ర లేచి హాల్లోకి వచ్చారు. సోఫాల నిండా ఎవరో ఉన్నట్టున్నారు గానీ మొహాలు ఆనడం లేదు.

"ఎవరది?" అన్నారు కళ్ళు చిట్లించి.

ముందు కుర్చీలో కూర్చున్న బావమరిది చేతులు కట్టుకుని మర్యాదగా అన్నాడు.

"కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా బావా?"