బూట్లు తొడిగిన అక్షరాలు

మనిషి మాట చెల్లాలంటే కావలసింది చదువు కాదు, వయసు కాదు, ఆఖరికి గొంతు కూడా కాదు. ఫాంట్! నమ్మనివారు అమెరికాలో కాపెల్ అనే ఊళ్లో జోసఫ్ గారికి జరిగింది వినాలి.

జోసఫ్ గారు అక్కడి ఓ తెలుగు చర్చికి సెక్రటరీ. భీమవరం వైపు మనిషి, మెత్తని గొంతు. కమిటీ మీటింగ్‌లో ఆయన నోరు తెరిస్తే మిగతావాళ్లు టీకి లేచేవారు. “గేటుకి అడ్డంగా కార్లు పెట్టకండయ్యా” అని ప్రతి ఆదివారం బతిమాలేవారు. విన్నవాడేడీ? తెలుగులో నోటీసు అంటించారు. సరిగ్గా దాని ముందే పార్క్ చేశారు!

తెలుగు అక్షరంతో చిక్కే అది. గుండ్రంగా ఉంటుంది. ఎంత కోపంగా రాసినా భోజనానికి పిలిచినట్టే కనిపిస్తుంది.

డిజైన్ చదువుతున్న కూతురు పర్సిస్ జాలిపడింది. “డాడీ, స్లాబ్ సెరిఫ్ యూజ్ చెయ్యి.”

“స్లాబా? ఇంటికి వేసేదే కదమ్మా!”

“నో డాడీ, ఫాంట్. సీ, లెటర్స్‌కి కాళ్లు ఉంది.”

నిజమే! ప్రతి ఇంగ్లిష్ అక్షరానికీ అడుగున దిమ్మెల్లాంటి పాదాలు. బూట్లు తొడుక్కుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ షెరీఫ్‌లా ఉంది ఒక్కొక్కటీ. “నో పార్కింగ్” అని కొట్టి అంటించారు. మరుసటి ఆదివారం గేటు ముందు ఖాళీ. లోపల సవ్యంగా పెట్టిన కార్లు కూడా బయటికి తీసేశారు!

ఇక ఆగుతారా? ఇంట్లో ఆవకాయ జాడీకీ ఓ నోటీసు అంటించారు. “మీరే రాశారని తెలిసినా చెయ్యి వెళ్లట్లేదండీ” అని భార్య కరుణమ్మ వాపోయింది.

అంతలో అసలు గండం వచ్చింది. పిల్లలకి అర్థం కావట్లేదు కాబట్టి తెలుగు ఆరాధన ఎత్తేసి, అంతా ఇంగ్లిష్‌లోనే పెట్టాలని కమిటీలో ప్రపోజల్! జోసఫ్ గారు ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేయగలరు, కారు కొనగలరు. దేవుడి ముందు ఏడవడం మాత్రం తెలుగులోనే వచ్చు. ఆ మాటే చెప్పబోయారు. అందరూ టీకి లేచారు.

ఆయన ప్రింటర్ దగ్గరికి నడిచారు. “తెలుగు సర్వీస్ విల్ కంటిన్యూ.” తలుపంత కాగితం, లావుపాటి నల్లని అక్షరాలు. అంటిస్తూ అటూ ఇటూ దిక్కులు చూశారు. ఎవరూ తీసుకోని నిర్ణయం కదా! అక్షరాలు మాత్రం తిన్నగా ముందుకే చూశాయి.

ఆదివారం చైర్మన్ షాలోమ్ గారు చర్చి తలుపు ముందు ఆగి, టోపీ తీసి, చదివారు.

“ఓహో, డిసైడ్ అయిపోయిందన్నమాట. ఎవరు డిసైడ్ చేశారు?”

“పైనుంచేమో బ్రదర్” అన్నారెవరో భక్తిగా.

అంతే. ప్రపోజల్ మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు జోసఫ్ గారు తెలుగులో కీర్తన పాడుతూ కళ్లు తుడుచుకున్నారు.

బయటికొస్తూ చైర్మన్ గారు ఆయన భుజం తట్టారు. “ఎవరో గానీ, తెలుగు ఉండాలని ఇంగ్లిష్‌లో ఎంత గట్టిగా చెప్పారో చూశారా బ్రదర్! ఇలా చెప్పేవాళ్లు మనలో ముందే ఉండుంటే ఇంతదాకా వచ్చేదా?”

“నేను మొదట్నుంచీ అదే చెబుతున్నానండీ” అన్నారు జోసఫ్ గారు, తెలుగులో.

చైర్మన్ గారు వినబడనట్టు చెవి దగ్గరికి పెట్టారు.

“కమ్ ఎగెయిన్?”