గవరమ్మ వెయ్యని వేలిముద్ర

ఒక పెద్ద అడవిలో అలుగుల పరిశోధనా సంస్థ వెలిసింది. ఒళ్ళంతా పొలుసులుండే అలుగులు ఉన్నట్టుండి ఎందుకు ఉండచుట్టుకుపోతాయో తేల్చడం దాని పని. అందులో అలుగు తప్ప అన్ని జంతువులూ ఉన్నాయి.

ఇకపై అలుగుల్ని సమాన భాగస్వాములుగా చేర్చుకోవాలని సింహం తాఖీదు పంపింది. దాంతో గవరమ్మ అనే అలుగుకు పిలుపొచ్చింది. ఇన్నాళ్ళకి వినేవాళ్ళు దొరికారని, ఆమె రెండు రోజులు కూర్చుని చెప్పాల్సిందంతా ఆకుల మీద రాసుకుంది.

గుమ్మంలోనే డప్పులతో స్వాగతం. గవరమ్మ ఉండచుట్టుకుపోయింది.

"ఎంత ముద్దుగా ముడుచుకుందో!" అన్నారు అధ్యక్షులు నెమలిగారు. "బంగారుకొండా, జామపండు తింటావా?"

"మేం తినేది చెదలండీ. నాకు ఇద్దరు మనవలు కూడానూ," అంది గవరమ్మ లోపల్నుంచే. "ఆ డప్పులాపితే మాట్లాడతాను. ప్రశ్నలు ముందే రాసిస్తే ఇంకా బాగా చెప్తాను."

'మొహం చూసి మాట్లాడదు, పాపం' అని రాసుకుంది కార్యదర్శి నక్క. "ప్రశ్నలెందుకమ్మా? జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఇదిగో నివేదిక. ఇక్కడ వేలిముద్ర వేశావంటే సమానమైపోతావు."

డప్పుల మోత తగ్గాక గవరమ్మ మెల్లగా విప్పుకుని, చదవడం మొదలెట్టింది. చదువుతుందని ఎవరూ అనుకోలేదు. 'సందడి అలవాటు లేకపోవడమే జబ్బు. రోజూ బొరియల ముందు డప్పు కొట్టడమే మందు.'

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, మేం ముడుచుకునేదే ఆ మోతకి!"

"అది నీ అనుభవం తల్లీ," అన్నారు నెమలిగారు జాలిగా. "మాది పరిశోధన."

ముద్ర వెయ్యకుండా, ఆకులు బల్ల మీద పెట్టి వచ్చేసింది గవరమ్మ. నక్క ఆ ఆకులతో బల్ల తుడిచి, ముద్ర తనే వేసింది.

మర్నాటి నుంచి బొరియల ముందు డప్పులు. నాలుగో రోజుకి అలుగులన్నీ పిల్లల్ని వీపున ఎక్కించుకుని ఏరు దాటి వెళ్ళిపోయాయి.

'వైద్యం ఫలించింది. ముడుచుకున్న అలుగు ఒక్కటీ కనబడలేదు' అని సంస్థ చాటింపు వేయించింది.

తినేవాళ్ళు లేక చెదలు పండగ చేసుకున్నాయి. వానాకాలం వచ్చేసరికి బల్లలూ నివేదికలూ దూలాలూ హారతి కర్పూరమయ్యాయి. కప్పు కూలి నెమలిగారి తోక సగానికి ఊడింది. వెంటనే రమ్మని ఏటి అవతలి అలుగులకు కాకి చేత కబురు పంపారు.

గవరమ్మ జవాబు రాసింది: 'వస్తాం. డప్పులాపండి. ప్రశ్నల్లో సగం మావి. మొదటిది, మీరంతా ఎందుకింత మోత చేస్తారు?'

సంస్థ మూడు రోజులు తర్జనభర్జన పడి, సమాన భాగస్వామిగా తాబేలును నియమించుకుంది. అదీ ముడుచుకుంటుంది, పైగా నోరెత్తదు.

నీతి: ఒకరి గురించి అంతా తెలుసుకోవాలంటే, వాళ్ళని మాత్రం అడగకూడదు.