మాంద్యంలో సరిగంచు ఉత్తరీయం

వ్యాపారాలు పడిపోయిన రోజుల్లో మనిషి చేయవలసిన మొదటి పని దుబారా! పొదుపు చేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. కలిగినవాళ్లకు పొదుపు ఒక వినోదం. మనబోటివాళ్లకు అది లోపలి సంగతి బయటపెట్టే జబ్బు. చిరిగిన చొక్కా ఏం చెబుతుంది? ‘వీణ్ణి తీసేసినా అడిగేవాడు లేడు’ అని చెప్పదూ!

ఈ సత్యాన్ని అందరికంటే ముందు కనిపెట్టినవాడు ఆదికేశవులు. జార్జిటౌనులో ఒక నూలు కొట్టులో గుమాస్తా.

ఆ ఏడు మగ్గాలు ఆగిపోయాయి. కొనేవాళ్లు లేక నూలు బేళ్ల మీద పిల్లులు కాపురం పెట్టాయి. దీపావళిలోగా ఒక గుమాస్తాను తగ్గించక తప్పదని యజమాని పరంధామయ్య శెట్టిగారు చాలా బాధపడుతూ చెప్పారు. కొత్త కారు దిగుతూ చెప్పారు.

ఉన్న గుమాస్తాలు ఇద్దరే. రెండోవాడు నాగలింగం. అతని చొక్కాలో గుడ్డకంటే మాసికలే ఎక్కువ.

అప్పటినుంచి శెట్టిగారి చూపు తన కాలరు మీదే ఆగుతున్నట్టు ఆదికేశవులుకు అనిపించేది. భయం కనబడితే భయపెట్టేవాడికి దారి దొరుకుతుంది. కనుక దాన్ని కప్పెయ్యాలి. దేనితో?

భార్య పుష్పవల్లి మెడలోని గొలుసు సౌకారుపేట తాకట్టు కొట్టుకు వెళ్లింది. అరచెయ్యి వెడల్పు సరిగంచుతో ఒక ఉత్తరీయం ఇంటికి వచ్చింది.

“పని పొయ్యిందంటే దీన్ని వండుకుని తినేదా?” అంది పుష్పవల్లి.

“పోకుండా ఉండేదానికేనే ఇది.”

ఎంత పని చేసిందండీ ఆ ఉత్తరీయం! దాని కింద వంగిన వీపు నిలబడింది. వీపు నిలబడ్డాక ట్రాము ఇరుకనిపించింది, రిక్షా వచ్చింది. రిక్షాలో బీడీ బాగుండదు గనుక సిగరెట్టు డబ్బా వచ్చింది. ఒకరోజు కాఫీ హోటల్లో ఎవరో పెద్దమనిషి ఎదురువస్తే ఆదికేశవులు మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. తప్పుకున్నాక తెలిసింది, అది అద్దమని. నాగలింగం మీద జాలి కూడా కలిగింది. పిలిచి ఒక సిగరెట్టు ఇచ్చాడు.

దీపావళి ముందు శెట్టిగారు కబురు పెట్టారు.

“నాగలింగాన్ని తీస్తే వాడు పస్తులుంటాడు. మీకేమప్పా, మారాజులాగా ఉండారు. ఈడ పని మీకు పొద్దుపోయేదానికే కదా.”

ఇన్నేళ్లూ ‘నువ్వు’ అన్న నోరు మొదటిసారి ‘మీరు’ అంది. ఆదికేశవులు ముందు దానికి సంతోషించాడు. మిగతా మాటలు తరువాత వినిపించాయి. గొలుసు సంగతి చెబుదామని నోరు తెరిచాడు. ఉత్తరీయం చెప్పనిస్తేనా! “అవునండీ” అని అతని బదులు అదే జవాబిచ్చింది.

కొట్టు వదిలి వెళ్లేవాళ్లకు దండ వేసి ఉత్తరీయం కప్పడం అక్కడి ఆనవాయితీ. దండ తెప్పించారు. ఉత్తరీయం తెప్పించలేదు, మాంద్యం కదా! శెట్టిగారు ఒక్క క్షణం ఆలోచించి, ఆదికేశవులు భుజం మీది ఉత్తరీయాన్నే తీసి, దులిపి, రెండు చేతులతో మళ్లీ అతనికే కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆదికేశవులు కూడా కొట్టాడు. కొత్త కారులోనే ఇంటికి పంపారు.

చింతాద్రిపేటలో అతని వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చి చూసింది. పుష్పవల్లి కారును చూసింది, దండను చూసింది, మొగుడి మొహం చూసింది.

“రేపు పని అడిగేదానికి పొయ్యేటప్పుడు ఆ నాగలింగం చొక్కా అడిగి తీసుకోండి” అంది.

అతను నిజంగానే వెళ్లి అడిగాడు. నాగలింగం సిగ్గుపడ్డాడు.

“ఎట్ల ఇచ్చేది అన్నా? నన్ను సగం జీతానికి ఉండమన్నారు. శెట్టిగారి కారుకు పెట్రోలు కావాల గదా. ఈ చొక్కా ఇప్పట్లో విడిచేదానికి లేదు.”

అయినా చదువరులారా, నా మాట మారదు. మాంద్యంలో దుబారా చేయండి! కాకపోతే ఆదికేశవులులాగా పిరికితనంతో ఉత్తరీయం దగ్గర ఆగిపోకండి. కారు దాకా వెళ్లండి. అప్పుడు పోయే ఉద్యోగం మీది కాదు.