నిజాయితీలో పదికి రెండు

ఆ రోజు పొద్దున్న షరతుల సారు అద్దం ముందు నిలబడి ఒకే వాక్యాన్ని రకరకాలుగా చెప్పి చూసుకున్నాడు. "మన కంపెనీలో అందరూ పాసయ్యారు." నీళ్ళ మోటార్లు తయారుచేసే కంపెనీకి ఆయన సొంత లాయరు. షరతు పెట్టకుండా ఒక్క ముక్క మాట్లాడలేడు కనుక ఆఫీసంతా కలిసి ఆయనకు ఆ పేరు పెట్టింది. కాఫీ కావాలా అని భార్య అడిగినా, "ప్రస్తుతానికైతే కావాలి" అనే రకం.

లంచాలు, కానుకలు, కోర్టు నోటీసుల విషయంలో ఎలా మసలుకోవాలో ఉద్యోగులకు పాఠాలు చెప్పి, ఆయన ఒక నిజాయితీ పరీక్ష పెట్టాడు. దాని గడువు ఆ రోజుతో సరి. సాయంత్రం డైరెక్టర్ల ముందు ఆ ఒక్క వాక్యం చెబితే చీఫ్ లాయరు పదవి ఖాయమని పెద్దసారు మాటిచ్చాడు. ఆ పదవి మీద ఆయనకు పిచ్చి ఆశ. భార్య అప్పుడే పుట్టింటికి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరిస్తే ఒక్కరు తప్ప అందరూ పాస్. అందరికీ పదికి పది. తన పాఠాలు ఇంతగా ఒంటబట్టాయా అని ఆయనకు కళ్ళు చెమర్చాయి. పరీక్ష రాయని ఆ ఒక్క ప్రబుద్ధుడెవడో చూద్దామని పళ్ళు నూరుతూ జాబితాను కిందికి జరిపితే, ఉన్నది తన పేరే.

"ఓరి నా మతిమరుపు మండ!" అనుకుని పరీక్షకు కూర్చున్నాడు. ప్రశ్నలు రాసిందే తను. కాఫీ చల్లారేలోపు ముగించాడు. పదికి మూడు వచ్చాయి.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ రాశాడు. ఈసారి ఒక్కో ప్రశ్ననూ చట్టాల వెలుగులో తిరగేసి, బోర్లేసి, బాగా ఆలోచించి రాశాడు. పదికి రెండు వచ్చాయి.

రెండుసార్లు తప్పినవాళ్ళ సంగతి వెంటనే అందరికీ తెలియజేయాలనీ, మూడోసారీ తప్పితే ఎంతటివారికైనా పదోన్నతి ఉండదనీ రూలు పెట్టింది కూడా ఆయనే. జీవితంలో ఆయన షరతుల్లేకుండా రాసిన రూలు అదొక్కటే. కంప్యూటర్ దాన్ని తూచా తప్పకుండా పాటించింది. "ఈ ఉద్యోగి నిజాయితీపై ఒక కన్నేసి ఉంచగలరు" అన్న మెయిల్ క్షణంలో ఆఫీసంతా చేరింది.

ఆయన వరండాలో నడుస్తుంటే స్టోర్సు అధికారి బీరువాకు తాళం వేసుకున్నాడు. అదే ఆఫీసులో పనిచేసే బావమరిది కబురు మోసినట్టున్నాడు, ఇంటి నుంచి ఫోను.

"ఏవండీ, మీరు లంచం తిన్నారటగా?"

"నేనా? పైసా తీసుకోలేదే!"

"ఇంటికైతే ఏమీ రాలేదు. మరి ఎవరికిచ్చారు?"

అటు భార్య ఫోన్ పెట్టేసింది. ఇంతలో రాగితీగ సరఫరా చేసే ఆసామి చేతిగడియారం డబ్బాతో గదిలోకి వచ్చాడు. అతని కాంట్రాక్టు చాలా రోజులుగా ఈయన బల్ల మీదే ఆగి ఉంది. మెయిల్ సంగతి అతని చెవినీ పడినట్టుంది.

"ఇన్నాళ్ళూ మీరు తీసుకోరేమో అని మొహమాటపడ్డాను సార్. ముందే ఒక మాట చెబితే పోయేదిగా!" అని డబ్బా చేతిలో పెట్టి చక్కా పోయాడు.

ఆయన డబ్బాతో వెంటపడితే వరండాలో అకౌంట్స్ మేడమ్ ఎదురైంది.

"ఇది నాది కాదమ్మా," అన్నాడు.

"నేనేమీ అడగలేదు సార్."

"అది సరే, కానుక ఇస్తే ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి మీరేం పెట్టారు?"

"ప్రశ్నలు ఎవరు చదివారు సార్?" అని ఆవిడ వేళ్ళు మడుస్తూ జోలపాట బాణీలో అందుకుంది. "రెండూ ఒకటీ, మూడూ మూడూ, ఒకటీ రెండూ... ఇలా నొక్కుకుంటూ పోవడమే. ఈ జవాబుల వరుస కంప్యూటర్ సెక్షన్ నుంచి బయటికొచ్చింది. పెద్దసారుకి నేనే నేర్పించాను. ఆయన బాణీ తొందరగా పట్టేస్తారు."

షరతుల సారుకు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరూ కాపీ కొట్టకూడదని చివరి నిమిషంలో ప్రశ్నల వరుస మార్చింది తనే. జవాబుల వరుస మార్చడం మరిచిందీ తనే. గదికి పరుగెత్తి సరిచూసుకుంటే, నవ్వు కోసం తను రాసిన తప్పుడు జవాబులే చాలావరకు ఒప్పులై కూర్చున్నాయి. కానుక ఇస్తే పుచ్చుకుని భార్యకివ్వాలనీ, కోర్టు నోటీసును పై అధికారి ఉత్సాహంగా ఉన్నప్పుడు మాత్రమే చూపాలనీ కంపెనీ యావత్తూ ముక్తకంఠంతో ఒప్పుకుంది.

తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళాడు.

"ఏంటయ్యా, చేతిలో ఆ డబ్బా?"

"దీన్ని వెనక్కి పంపాలి సార్, మీరే సాక్షి. అసలు తప్పు వేరే ఉంది." జరిగిందంతా చెప్పాడు.

"అంటే పదికి పది వచ్చినవాళ్ళంతా..."

"కాపీ కొట్టినట్టే సార్."

పెద్దసారు లేచి తలుపు వేసి వచ్చాడు. "నాకెన్నొచ్చాయో చూశావా?"

"చూశాను సార్."

"పదవి పోతే పోయింది, డైరెక్టర్లకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను సార్," అన్నాడు షరతుల సారు. అన్నాడే గానీ ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం సమావేశంలో ఆయన కంటే ముందు పెద్దసారు లేచాడు. "మన సిబ్బందిలో కాపీ కొట్టేవాళ్ళను పట్టుకోవడానికి మా లాయరు కావాలనే జవాబులు తారుమారు చేసి వల పన్నాడు. ఎవరికీ అనుమానం రాకూడదని నేనూ వాళ్ళతో పాటు పదికి పది తెచ్చుకున్నాను. వలలో పడకుండా నిలబడింది ఈయనొక్కడే. చీఫ్ లాయరుగా ఈయన పేరే చెబుతున్నాను."

డైరెక్టర్లు బల్లలు చరిచారు. "ఇంత ఆలోచన ఎలా వచ్చిందండీ మీకు?" అని ఒక పెద్దావిడ ముచ్చటపడింది.

షరతుల సారు లేచి నిలబడ్డాడు. మరిచిపోయానండీ అన్న మాట పెదాల దాకా వచ్చింది. బల్ల కింద పెద్దసారు బూటు ఆయన కాలిని నొక్కింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, అయినా ఆశ చావలేదు. రెండు చేతులూ జోడించి అందరికీ దణ్ణం పెట్టి, మెల్లగా కూర్చున్నాడు.

కంపెనీ మొత్తంలో నిజాయితీగా ఫెయిలైన ఆ ఒక్క మనిషీ అలా నోరు మూసుకుని పాసయ్యాడు.