ధీర తండ్రి పథకం

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా ఆఫీసులు ఎక్కువైపోయిన రోజుల్లో, కంటకయ్య మాస్టారనే ముళ్లపంది కాపురముండేవారు.

ఆ అడవిలో జంతువులన్నీ చదువుకుని బాగుపడ్డాయి. సింహం సమితి కార్యాలయంలో కూర్చుని సంతకాలు పెట్టేది. తోడేలు గొర్రెల సంక్షేమ శాఖ చూసుకునేది. పులులు తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టేవి. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, "ఏమిటీ మోటుతనం!" అంటూ ఇరుగుపొరుగు తలుపులు వేసుకునేవాళ్లు.

కంటకయ్య మాస్టారు బడిలో అన్ని పాఠాలూ చెప్పేవారు గానీ, ఆయనకు మహా ఇష్టమైన పాఠం 'ధైర్యము'. అది చెప్పేటప్పుడు వీపు మీది ముల్లొకటి పీకి, బెత్తంలా ఊపుతూ, "భయమనేది మనం ఒప్పుకుంటేనే ఉంటుందిరా" అనేవారు.

నిజానికి ఉరిమినా, మెరిసినా, తనిఖీ అధికారి వచ్చినా ఆయన ముళ్లన్నీ నిక్కబొడుచుకునేవి. "అది రోషం" అని ఆయనే చెప్పేవారు. పిల్లలు నమ్మేవాళ్లు. నమ్మకపోతే మార్కులు పోతాయి మరి.

ఆయన కూతురు మొగలి మాత్రం మార్కులకు లొంగే రకం కాదు.

ఆ బడిలో ఒక ఆనవాయితీ ఉంది. సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున టీచర్లందరూ చుట్టూ కూర్చుని, ఎవరెక్కడికి వెళ్లొచ్చారో చెప్పుకోవాలి. కొంగ టీచరమ్మ ఆ ఏడు సముద్రం అవతలి పచ్చలదీవికి వెళ్లొచ్చింది. అక్కడ ఎండా వానా ఒకేసారి వస్తాయట. ఆకు మీద ఆకు, తీగ మీద తీగ, అడుగు తీసి అడుగు వేస్తే ఏదో ఒక మృగం.

"అడవి పులిని చూశానండీ! మన తపాలా పులి కాదు, అసలు సిసలు పులి! గర్జిస్తే నా ఈకలు రాలిపోయాయి" అని రాలిన ఈకను అందరికీ చూపించింది.

తర్వాత మాస్టారి వంతు వచ్చింది. "మేము మా అత్తగారి కలుగుకు వెళ్లొచ్చాం. దుంపలు బాగున్నాయి" అన్నారు. అందరూ మళ్లీ కొంగ ఈక వైపే తిరిగారు. అదే ఆయనకు గుచ్చుకుంది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పుకుంటే మొగలి అడిగింది. "నాన్నా, నిజం పులి ఎదురొస్తే నీ ముళ్లు రోషంతో లేస్తాయా, ఇంకో దానితో లేస్తాయా?"

మాస్టారికి అన్నం సహించలేదు. బడిలో ఎంతమంది నమ్మితే ఏం లాభం, ఇంట్లో ఒక్కతి నమ్మకపోయాక? వచ్చే సెలవులకు కుటుంబసమేతంగా పచ్చలదీవికి సాహసయాత్ర అని ఆ పూటే ప్రకటించేశారు.

"సాహసం మనకెందుకండీ? మా అమ్మ వాళ్లు ఏమనుకుంటారు?" అంది భార్య శూలమ్మ. అంటూనే ప్రయాణానికి కాల్చిన చిలగడదుంపలు మూటగట్టింది. పరాయి దేశపు దుంపలు కడుపుకు పడతాయో పడవో అని ఆవిడ భయం.

ముసలి తాబేలు వీపెక్కి సముద్రం దాటారు. దారంతా తాబేలు, "వచ్చేశాం, వచ్చేశాం" అంటూనే ఉంది.

పచ్చలదీవిలో దిగగానే గోరింక గైడు ఎదురొచ్చింది. "రండి సార్, రండి మేడమ్! అటు చూడండి అడవి ఉడత! ఇటు చూడండి అడవి చీమ!"

"మా ఇంట్లోనూ ఉన్నాయి చీమలు" అంది శూలమ్మ.

"అవి ఇంటి చీమలు మేడమ్. ఇవి కుడితే సర్టిఫికెట్టు ఇస్తాం."

విడిది వెదురు పొదల మధ్య ఉంది. దాని యజమాని మకరేశ్వర్రావు, మొసలి. ఎప్పుడూ నీళ్లలోనే కూర్చుని, కళ్లూ ముక్కూ మాత్రం పైకి పెట్టి వ్యాపారం చేస్తాడు. మాస్టారు భార్యనూ కూతురినీ గదిలో దింపి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కొచ్చి నీటి ఒడ్డున గొంతుక్కూర్చున్నారు.

"రావుగారూ, చిన్న మనవి. రేపు పులి వచ్చినప్పుడు... నేనొక గదమాయింపు గదమాయిస్తాను. అది కాస్త వెనక్కి తగ్గితే..."

ఎలా చెప్పాలో తెలియక మాస్టారు నసుగుతుంటే మొసలి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "ధీర తండ్రి పథకం! ఇంతదానికి సిగ్గెందుకు మాస్టారూ? పెళ్లాం పిల్లలతో వచ్చిన ప్రతి మగాడూ అడుగుతాడు. మొన్న ఒక కుందేలు మా పులిని ఏటి దాకా తరిమింది. కాస్త అదనంగా అవుతుంది, అంతే."

ఆ 'అదనం' చెల్లించి మాస్టారు గదికొచ్చేసరికి ఆయన నడకే మారిపోయింది. శూలమ్మ చూసి, "కాలు బెణికిందా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే గోరింక అందరినీ వెదురు దారిలో నడిపించింది. యాత్రికుల్లో దుందుభిగారనే దున్నపోతు ఉన్నారు. సమితిలో పెద్ద ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. నీళ్లు చల్లగా ఉన్నాయనీ, నీడ పల్చగా ఉందనీ, పురుగులకు మర్యాద తెలియదనీ దారి పొడవునా ఫిర్యాదులే.

"ఇక్కడ ఊపిరి బిగపట్టాలి సార్" అంది గోరింక.

వెదురు గలగలమంది. పసుపూ నలుపూ చారలు మెరిశాయి. పులి దారికి అడ్డంగా దూకి, నోరు తెరిచి, కోరలు చూపించింది. శూలమ్మ కూతుర్ని వెనక్కి లాక్కుంది. దుందుభిగారు ఫిర్యాదు మధ్యలో ఆగిపోయారు.

మాస్టారు ముందుకొచ్చారు. ముళ్లు విప్పుకున్నాయి. రాత్రంతా ఏమేమో వీరవాక్యాలు కంఠస్థం చేశారు గానీ, ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు. ఇన్నేళ్ల అలవాటే నోట్లోంచి ఊడిపడింది.

"ఏయ్! ఎవడ్రా అక్కడ గోల చేసేది? నిలబడు!"

పులి నిలబడింది. వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి, ముందు పంజాలు రెండూ జోడించింది.

"నమస్కారం మాస్టారూ."

మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఒరేయ్... నువ్వు మూడో బెంచీ చారల బుచ్చులువి కదూ?"

"అవునండి."

"ఇక్కడేం చేస్తున్నావురా?"

"తపాలా ఆఫీసులో ఖాళీలు లేవండి. ఇక్కడ అడవి పులులు కావాలంటే వచ్చి చేరానండి. ఇంటి దగ్గర అమ్మ, ఇద్దరు పిల్లలు... నా జీతమే ఆధారమండి."

ఇక్కడితో ఆగి ఉంటే కొంతైనా పరువు దక్కేది. కానీ పాత శిష్యుడు కనిపిస్తే మాస్టార్లకు నాలుక ఊరుకోదు.

"పదిహేడో ఎక్కం వచ్చిందా?"

పులి తల దించుకుంది. "సగం దాకా వచ్చిందండి."

"చెప్పు."

పులి చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. "పదిహేడొకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ల..."

"ఇదా అడవి పులి!" దుందుభిగారి గొంతు దీవంతా వినిపించింది. "సముద్రం దాటి వచ్చింది ఎక్కాలు వినడానికా? ఏడీ యజమాని?"

గొడవకు మకరేశ్వర్రావు ఏటిలోంచి ఒళ్లంతా బయటికొచ్చాడు. అతను ఒళ్లంతా బయటికి రావడం గోరింక కూడా అంతకుముందు చూడలేదట.

"ఒరే బుచ్చులూ! మాస్టారు ధీర తండ్రి పథకం తీసుకున్నారు, గదమాయిస్తే వెనక్కి తగ్గమన్నాను గానీ, దండం పెట్టి ఎక్కాలు చదవమన్నానా? రేపు పొద్దున ఆఖరి అవకాశం. ఈ యాత్రికులే, ఈ దారే. వీళ్లు హడలిపోయేలా గర్జించావా సరే. లేకపోతే తట్టాబుట్టా సర్దుకో!"

పులి ముఖం చిన్నబోయింది. మాస్టారి ముఖం అంతకన్నా చిన్నబోయింది.

"ధీర తండ్రి పథకమా?" అంది మొగలి.

"మొత్తానికి పులితో బేరం కుదుర్చుకుని వచ్చారన్నమాట!" అంది శూలమ్మ. "కూరగాయల దగ్గర కుదరని బేరం ఇక్కడ కుదిరిందే!"

మాస్టారు గది చేరేదాకా నేల చూపులు చూస్తూనే నడిచారు. దారిలో కుట్టిన చీమలకు ఆయన సర్టిఫికెట్టు కూడా అడగలేదు.

సాయంత్రం బుచ్చులు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. కూర్చోమంటే కూర్చోడు.

"మిమ్మల్ని చూస్తే గర్జన రావట్లేదండి. నోరు తెరవగానే 'నమస్కారం' వచ్చేస్తోంది. రేపు మీరు కాస్త వెనకెక్కడైనా నిలబడితే..."

"వెనకా? ముందు వరసలో ఉంటాను. నేను చదువు చెప్పినవాడికి నేనుండగా గర్జన రాకపోవడమేమిటి? ఇప్పుడే నేర్పుతాను, రా!"

ఇలా ఒక ముళ్లపంది పులికి గర్జించడం నేర్పసాగింది. ఇసుకలో గీతలు గీసి, "గర్జన మూడు విధములు: ఆరంభ గర్జన, మధ్య గర్జన, ముగింపు గర్జన" అని మాస్టారు వివరించారు. నోరు ఎంత తెరవాలో తన నోరు తెరిచి చూపించారు. అందులో చిలగడదుంప కూడా పట్టదు.

బుచ్చులు శ్రద్ధగా విన్నాడు. ఎంత శ్రద్ధగా విన్నాడంటే, అంతకుముందు వచ్చే ఆ కాస్త గుర్రు కూడా పోయి, చివరికి పిల్లికూనలా "మ్యా" అన్నాడు.

"మళ్లీ!" అన్నారు మాస్టారు.

"మ్యా" అన్నాడు బుచ్చులు, కళ్లనీళ్లతో.

మొగలి ఇక చూడలేకపోయింది. "నాన్నా, నువ్వు చెప్పేకొద్దీ ఉన్నది కూడా పోతోంది. బడిలో పిల్లలు అసలెప్పుడు అరుస్తారు?"

"నా క్లాసులో అరుపులుండవు."

"ఉంటాయి. నువ్వు బోర్డు మీద రాయడానికి అటు తిరుగుతావే, అప్పుడు. నీ వీపు కనిపిస్తే చాలు, దూడలు కూడా ఏనుగుల్లా ఘీంకరిస్తాయి."

బుచ్చులు తల దించుకునే, "నిజమేనండి. నేను కూడా అప్పట్లో అలాగే..." అన్నాడు.

మాస్టారికి అర్థమైంది. రేపు తను పులికి వీపు చూపించాలి. వీపు చూపించి నిలబడితే చాలదు, ఎవరూ శంకించకుండా పరుగెత్తాలి. భార్య ముందు, కూతురి ముందు, సమితి నుంచి రిటైరైన దున్నపోతు ముందు. ఆ దున్నపోతు అడవికి తిరిగెళ్లి ఈ ముచ్చట కొంగ టీచరమ్మ చెవిన వేయకుండా ఉంటుందా?

"ఆలోచిస్తాను" అన్నారు. మాస్టార్లు కుదరదని చెప్పలేనప్పుడు అనే మాట అది.

పొద్దున మళ్లీ అదే దారి. ముందు వరసలో మాస్టారు. దుందుభిగారు, "ఇవాళ పద్దెనిమిదో ఎక్కమా?" అని వెటకారం చేశారు. ఏటి ఒడ్డున మొసలి కళ్లు రెండూ కాపలా కాస్తున్నాయి.

వెదురు గలగలమంది. బుచ్చులు దూకాడు. నోరు తెరిచాడు. మాస్టారు కనిపించారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ముందు పంజాలు నెమ్మదిగా ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి.

"ఊ, కానివ్వరా" అని మాస్టారు కళ్లతోనే సైగ చేశారు. పంజాలు ఇంకా దగ్గరయ్యాయి. ఇంకొక్క లిప్త ఆగితే నమస్కారం పూర్తవుతుంది, ఉద్యోగం ఊడుతుంది.

మాస్టారి లోపల ఇన్నేళ్ల 'ధైర్యము' పాఠం అడ్డంగా పడుకుంది. ఆయన దాన్ని దాటుకుని, కండువా కింద పడేసి, గిరుక్కున తిరిగారు.

"అమ్మో పులి! నాయనోయ్ పులి!" అని అరుస్తూ పరుగందుకున్నారు.

మాస్టారి వీపు కనిపించింది.

బుచ్చులు కడుపులో ఎక్కడో, ఎక్కాలకు అడుగున, ముద్రలు కొట్టే ఉద్యోగం మీది ఆశకు కూడా అడుగున, ఏదో కదిలింది. అది గొంతులోకి వచ్చింది. ఆరంభం లేదు, మధ్య లేదు, ముగింపు లేదు. ఒకటే గర్జన. వెదుళ్లు వంగిపోయాయి. దుందుభిగారు బురదగుంటలో మెడ దాకా దిగబడి, ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. మకరేశ్వర్రావు కళ్లు రెండూ నీళ్లలోకి జారుకున్నాయి. గర్జించాక బుచ్చులే ఒకసారి వెనక్కి తిరిగి, ఆ పులి ఎక్కడుందా అని చూసుకున్నాడు.

మాస్టారు మాత్రం ఆగలేదు. వెదురు దారి అయిపోయినా ఆగలేదు. పొదలో పడి, ముళ్లన్నీ వెదుళ్లలో ఇరుక్కున్నాకే ఆగారు.

శూలమ్మ, మొగలి వెతుక్కుంటూ వచ్చేసరికి పొదలోంచి ఆయన కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ వెనకే మొసలి కబురు మోసుకుని గోరింక వచ్చింది. బుచ్చులు ఉద్యోగం ఖాయమైంది, జీతం కూడా పెరిగింది. మాస్టారు గారు ఒప్పుకుంటే రోజూ పొద్దున పారిపోయే ఉద్యోగం ఆయనకూ ఇస్తారట.

"సెలవులు అయిపోతాయమ్మా, బడి ఉంది" అన్నారు మాస్టారు పొదలోంచి.

తల్లీకూతుళ్లు ఒక్కొక్క ముల్లే విడదీస్తూ కూర్చున్నారు. శూలమ్మ చల్లారిన చిలగడదుంప ఒకటి ఆయన చేతిలో పెట్టింది. కాసేపటికి మొగలి మెల్లిగా అడిగింది.

"నాన్నా, నిజం చెప్పు. అది నటనేనా?"

మాస్టారు దుంప కొరికి, నమిలి, మింగారు.

"మొదటి నాలుగడుగులూ నటనేనమ్మా."

"తర్వాత?"

"తర్వాత వాడు ప్యాసైపోయాడు."

నీతి: శిష్యుడు తనను మించిపోవాలని కోరుకునే గురువు, ముందుగా పారిపోయే దారి చూసి పెట్టుకోవాలి.