డబ్బా లేని కత్తి

"ఈ ఊళ్లో నేరం ఇంకా బతికుందంటే, అది నేను రోజూ మధ్యాహ్నం కాసేపు కునుకు తీయడం వల్లే," అన్నాడు డేగ.

అన్నది నా తాళాల కొట్టు ముందు, నా స్టూలు మీద కూర్చుని, నా టీ తాగుతూ.

డేగ అని వాడికి వాడే పేరు పెట్టుకున్నాడు. నా పక్కనున్న కళ్లజోళ్ల కొట్టు వాడిదే. ఊరందరి చూపూ పరీక్ష చేసి అద్దాలు బిగించే ఆ మహానుభావుడి సొంత అద్దాలు సోడాసీసా అడుగంత మందం. బజారంతా వాణ్ణి వెనకాల గబ్బిలం అంటుంది. నేను మొహం మీదే అంటాను.

వాడి బీరువా నిండా డిటెక్టివ్ నవలలు. అవన్నీ చదివి వాడు తెలుసుకున్నది ఒక్కటే, ప్రతి డిటెక్టివ్ పక్కనా ఒక మందబుద్ధి ఉండాలని. సగంలో బడి మానేసినవాణ్ణి కదా, ఆ ఉద్యోగం నాకిచ్చాడు. జీతం లేదు. తిట్లున్నాయి.

అప్పుడే మా అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, గది సర్దిపెట్టు. పెట్టె తీసుకుని మీ ఇంటికొచ్చేస్తున్నా."

నాకున్నదే ఒక గది. అందులో ఒక మంచం, నేను, మా ఆవిడ, మా ఆవిడ నోరు. ఇక చోటు లేదు.

"ఏమైందక్కా?"

"మీ బావ కత్తి డబ్బా పోయింది. నేనే పారేశానట. దొంగతనంగా పారేసి పైగా అబద్ధమాడుతున్నానట. ఆ మాటన్నాక ఆ ఇంట్లో ఎలా ఉంటాన్రా? సాయంత్రంలోగా డబ్బా దొరికిందా సరే. లేకపోతే మీ ఇంట్లోనే."

మా బావ నీటిపన్నుల ఆఫీసులో హెడ్ క్లర్కు. కత్తులు పోగేయడం ఆయన పిచ్చి. మడత కత్తులు, వేట కత్తులు, పిడికి నగిషీలున్నవి, లేనివి. వాటితో ఇంతవరకూ ఒక్క దారప్పోగు కోసిన పాపాన పోలేదు. డబ్బాలో ఎక్కువకాలం ఉంటే చెమ్మకి తుప్పు పడతాయని కత్తులన్నిటికీ నూనె రాసి సొరుగులో పడుకోబెడతాడు. వాటితో వచ్చిన అట్టడబ్బాలు మాత్రం ఖాళీవి ఖాళీగానే అటక మీద. ఒక్కటి పారేసినా ప్రాణం పోతుంది ఆయనకి.

ఇదంతా చెప్పేసరికి డేగ టీ గ్లాసు కింద పెట్టాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు. అద్దాలు లేకుండా నా మొహమనుకుని గోడనున్న తాళాల బోర్డుతో మాట్లాడాడు.

"మామూలు దొంగ కత్తి తీసుకుని డబ్బా వదిలేస్తాడు. వీడు డబ్బా తీసుకుని కత్తి వదిలేశాడు. అర్థమైందా?"

"లేదు."

"వాడి దగ్గర కత్తి ముందే ఉందన్నమాట! దాన్ని అనుమానం రాకుండా మోసుకెళ్లడానికి డబ్బా కావాలి. ఇది దొంగతనం కాదు గురూ. సాయంత్రంలోగా శవం లేస్తుంది."

"లేస్తే ఇంక గొడవేముంది?"

"మందబుద్ధీ! కొట్టు కట్టేయ్."

కట్టేశాను. హత్యకి భయపడి కాదు. అక్క పెట్టెకి భయపడి.

మేం రెండో అంతస్తు ఎక్కేసరికి అక్క హాల్లో చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. బావ సొరుగు ముందు చతికిలబడి, చిన్న మడత కత్తిని ఒళ్లో పెట్టుకుని తల్లిలేని పిల్లని చూసినట్టు చూస్తున్నాడు.

"ఎర్ర డబ్బా రా బావమరిదీ," అన్నాడు నన్ను చూసి. "లోపల పచ్చ మఖమలు గుడ్డ, తయారీవాడి చీటీ, అంతా చెక్కుచెదరకుండా. ఇవాళే పోవాలా!"

"డబ్బా పోతేనేం బావా, కత్తి ఉందిగా?"

బావ నన్ను చూసిన చూపుకి పదునుంటే నేనక్కడే రెండు ముక్కలయ్యేవాణ్ణి.

"డబ్బాతో ఉంటేనే అది సేకరణ. డబ్బా లేని కత్తి కూరగాయలు తరుక్కోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు!"

"ఆ తరుక్కోడానికైనా ఒక్కటిచ్చారా?" అక్క వంటింట్లోకి వెళ్లి తన కత్తి తెచ్చి నా ముఖం ముందు ఆడించింది. "చూడరా. సొరుగు నిండా కత్తులున్న ఇంట్లో నా వాటాకొచ్చింది ఇదీ. ఉల్లిపాయ మీద పెడితే తెగదు, బాధపడుతుంది."

"మాట మార్చకు. అటక దులిపింది నువ్వా కాదా?"

"దులిపాను. పారెయ్యలేదు."

"దానికి కాళ్లొచ్చాయా మరి?"

"నేను పారెయ్యలేదని తేలితే?"

"తేలితే నువ్వేదడిగితే అదిస్తా! వీళ్లిద్దరూ సాక్షులు."

అక్క వంటింటి కత్తి పక్కన పడేసింది. మళ్లీ చీర మడతపెట్టింది, కానీ ఈసారి మడత కుదరక అదే చీర విప్పి విప్పి మడిచింది. డబ్బా గొడవ కాదని అప్పుడర్థమైంది నాకు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ మాటకి ఒక అట్టడబ్బాపాటి విలువ లేకపోయింది, అదీ ఆవిడ బాధ.

డేగ గొంతు సవరించుకున్నాడు.

"అక్కయ్యగారూ, ఆ డబ్బాని ఆఖరిసారి సజీవంగా ఎవరు చూశారు?"

"నాయనా, అది అట్ట."

"ప్రశ్నకి జవాబు దాటేస్తున్నారు. మందబుద్ధీ, గుర్తుపెట్టుకో."

భూతద్దం తీసి అటకకి నిచ్చెన వేశాడు. పైకెక్కి కాసేపు కుక్కలా వాసన చూశాడు. ఉన్నట్టుండి, "రక్తం!" అని కేకేశాడు.

అటక అంచు చెక్క మీద ఎర్రటి మరక. వేలితో గీకాడు. వాసన చూశాడు. నాలిక మీద పెట్టుకున్నాడు.

"మగమనిషిది. నడివయసు. ఉప్పు ఎక్కువ తింటాడు."

"అది తుప్పు పట్టకుండా కిటికీలకి వేసిన ఎర్ర రంగు," అంది అక్క. "రంగు డబ్బా అక్కడ ఒలికింది. వెళ్లి నోరు కడుక్కో బాబూ, మంచిది కాదు."

వాడు స్నానాలగదిలో నాలిక రుద్దుకుంటుంటే బావ నన్ను పక్కకి పిలిచాడు.

"సాయంత్రం పళ్ల డాక్టరొకాయన వస్తున్నాడు రా. ఆయన దగ్గర జింక కొమ్ము పిడి కత్తి ఉంది. ఎన్నాళ్లుగానో దాని మీద నా కన్ను. ఈ మడత కత్తిచ్చి అది పుచ్చుకుంటానని మాటిచ్చా. డబ్బాతో సహా అయితేనే అన్నాడాయన."

డేగకి ఈ మాట చెప్పాలనే అనుకున్నాను. కానీ వాడు బయటికి రాగానే అక్క పౌడరు డబ్బా పట్టుకుని, వేలిముద్రలకని అటక మీది డబ్బాలన్నిటి మీదా చల్లాడు. బావ గుండె పట్టుకున్నాడు. నేను తుమ్మాను, అక్క తుమ్మింది, డేగ తుమ్మిన తుమ్ముకి పౌడరంతా ఎగిరి మా ముగ్గురి మీదా పడింది. ఆ హడావిడిలో మర్చిపోయాను.

వేలిముద్రలు బోలెడు దొరికాయి. అన్నీ డేగవే.

"ఇక ఒకటే దారి," అన్నాడు వాడు, పిండిలో దొర్లిన మొహంతో. "హంతకుడు నేరం జరిగిన చోటికి తిరిగొస్తాడు. నేను అటక మీద పొంచి ఉంటా. ఎవరూ ఊపిరి పీల్చకండి."

అటకెక్కి డబ్బాల వెనక ముడుచుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది.

అక్క పెట్టెకి తాళం వేసింది. "పద తమ్ముడూ," అంది. బావ తలెత్తలేదు. పెట్టె నేనే పట్టుకున్నాను. మా ఆవిడతో ఏం చెప్పాలో ఆలోచిస్తూ గుమ్మం దాకా నడిచానో లేదో, బెల్లు మోగింది.

తలుపు తీస్తే పొడుగాటి మనిషి. చేతిలో నల్లసంచి.

"ఆలస్యమైంది, క్షమించాలి," అంటూ లోపలికొచ్చి, బావ ముందు కూర్చుని సంచి తెరిచాడు. పళ్లకి పెట్టే దూది తెల్లగా, చుట్టచుట్టగా పైకి తీశాడు. అందులోంచి జింక కొమ్ము పిడి, దాని వెనకే తళతళలాడే ఇంతపొడుగు కత్తి అలుగు బయటికొచ్చాయి.

"కదలకు, నరరూప రాక్షసుడా!"

డేగ లేచాడు. అటక మీద నిలబడే ఎత్తు లేదని వాడి తలకి తెలిసింది. ఆ దెబ్బకి కళ్లజోడు ఎగిరింది. కాలొకటి నిచ్చెన అనుకుని గాల్లో వేశాడు. చేతికందిన డబ్బాలన్నిటినీ కౌగిలించుకుని కిందికొచ్చాడు, అన్నిటికన్నా పెద్దదైన వేటకత్తి డబ్బా మీద కూర్చునేలా. ఫట్టుమంది.

"నా వేటకత్తి డబ్బా!" బావ గావుకేక.

డాక్టరు మాత్రం వృత్తిధర్మం తప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని డేగ గడ్డం పట్టుకున్నాడు. "నోరు తెరవండి. అయ్యయ్యో, నాలికంతా ఎరుపే. చిగుళ్లు ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?"

"ఒప్పేసుకో!" అన్నాడు డేగ నోరు తెరిచే.

వాణ్ణి లేపాం. పగిలిన పెద్ద డబ్బా పక్కగోడలోంచి తెల్లగుడ్డ మూల ఒకటి తొంగిచూస్తోంది. అక్క వంగి లాగింది. గుడ్డలో చుట్టి, ఎర్రగా, చెక్కుచెదరకుండా, చిన్న డబ్బా. పచ్చ మఖమలు. తయారీవాడి చీటీ.

అక్క డబ్బా వైపు చూడట్లేదు. గుడ్డని విప్పి రెండు చేతులతో ఎత్తిపట్టుకుంది. చేతులున్న బనియను.

"ఇది ఎవరిదండీ?"

బావ సొరుగులోకి తొంగిచూశాడు.

"పోయిన వానాకాలం నా మంచి బనియను మసిగుడ్డ చేసేశావని ఎగిరారే, అది కాదూ?"

"అటక చెమ్మగిల్లిందని..." బావ గొంతు అట్ట రాసుకున్నట్టుంది. "అన్నిట్లోకీ ముద్దుది కదా అని... బనియన్లో చుట్టి, పెద్దదాంట్లో పెట్టి... భద్రంగా పెట్టానే. మర్చిపోయేంత భద్రంగా పెట్టాను."

"అంటే నేను రెండు కేసుల్లో నిర్దోషినన్నమాట."

"నేననుకున్నట్టే అయింది," అన్నాడు డేగ, ఒక అద్దం పగిలిన కళ్లజోడు తగిలించుకుంటూ. "ముందునుంచీ నా అనుమానమంతా ఆ పెద్ద డబ్బా మీదే."

"అనుమానం మీదే కూర్చున్నావులే," అన్నాను.

డాక్టరు ఎర్ర డబ్బాని అటూఇటూ తిప్పి మురిసిపోయాడు. మడత కత్తి అందులో పెట్టుకుని, జింక కొమ్ము పిడి కత్తిని బావ చేతిలో పెట్టాడు. బావ కళ్లు మెరిశాయి. ఇంటి గొడవంతా మర్చిపోయి దూది కింద, సంచిలో, కుర్చీ కింద వెతికాడు.

"దీని డబ్బా ఏదండీ?"

డాక్టరు తల గోక్కున్నాడు. "నేనే పారేశానండీ. కత్తి ఉందిగా, అట్టెందుకనుకున్నా. తర్వాత చాలా ఏడ్చా. అందుకేగా, ఈసారి డబ్బాతో ఉన్నదే కావాలని పట్టుబట్టింది."

ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. మార్పిడి అయిపోయింది, డాక్టరు వెళ్లిపోయాడు. బావ కత్తిని వెలుగులో తిప్పి తిప్పి చూస్తూ, "పోనీలే, దీనికొక డబ్బా ఎక్కడైనా వెతుకుతా," అని సొరుగు లాగాడు.

అక్క చెయ్యి చాపింది.

"ఏమిటే?"

"నేనేదడిగితే అదిస్తానన్నారు. సాక్షులిద్దరూ ఇక్కడే ఉన్నారు."

"అన్నాను కానీ, ఇది... ఇది జింక కొమ్ము!"

"దీనికి డబ్బా లేదుగా?"

బావ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. డేగ వైపు చూశాడు. డేగకి ఒక్క అద్దమే ఉంది, అది ఇంకోవైపుంది.

"డబ్బా లేని కత్తి ఎందుకు పనికొస్తుందో మీరే చెప్పారు," అంది అక్క నెమ్మదిగా. వేలుపెట్టి పదును చూసుకుని వంటింట్లోకి వెళ్లింది.

నేను పెట్టె తాళం తీసి చీరలు బీరువాలో పెట్టేశాను. ఒక్కటి కూడా నలగలేదు. పనిలో పనిగా ఆ బనియను కూడా మడతపెట్టాను.

వంటింట్లోంచి చప్పుడు మొదలైంది. సర్, సర్, సర్. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఉల్లిపాయ బాధపడకుండా తెగడం అదే మొదలు. అక్క కూనిరాగం కూడా తీస్తోంది. బావ వంటింటి గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డాడు. రెండు కళ్లూ ధారాపాతం.

డేగ భూతద్దం ఆ కళ్ల దాకా తీసుకెళ్లి చూశాడు.

"గురూ," అన్నాడు నా చెవిలో, "ఈ కన్నీళ్ల వెనక ఏదో పెద్ద రహస్యముంది."

"ఉల్లిపాయలు," అన్నాడు బావ, ముక్కు ఎగబీలుస్తూ. "ఉల్లిపాయలే."