ఎక్కడికీ వెళ్ళని పిల్ల

ఆ రోజు పొద్దున పిడుగు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రికి వెళ్ళే దారిలో నివాస కార్యాలయం దగ్గర ఆగడం, పాత కార్డు ఇచ్చి కొత్త కార్డు తీసుకోవడం, డ్యూటీ టైముకల్లా ఎక్స్‌రే గదిలో ఉండడం. అంతే. పాత కార్డు మీది ఫొటోలో ఆమెకు ముందు పళ్ళు రెండూ లేవు. ముప్ఫయ్యేళ్ళొచ్చి, రోజూ ఊళ్ళోవాళ్ళ ఎముకలన్నీ ఫొటోలు తీసే మనిషి, అడిగినవాడికల్లా ఆ బోసినవ్వు చూపించుకోవడం ఏం మర్యాద?

పిడుగు అన్నది పెద్దమ్మ పెట్టిన పేరు. అసలు పేరు వేరే ఉంది గానీ దాన్ని జీతమిచ్చేవాళ్ళు తప్ప ఇంకెవరూ వాడరు.

కిటికీ వెనకున్న గుమాస్తా కార్డు తిప్పి చూసింది, కంప్యూటర్లో ఏదో కొట్టింది, తలెత్తి పిడుగు వంక జాలిగా చూసింది. ఆఫీసుల్లో మనవంక జాలిగా చూశారంటే కొంప మునిగినట్టే.

"ఇది చెల్లదమ్మా."

"పాతదైపోయిందనేగా మార్చమంటున్నాను?"

"కార్డు సంగతి కాదమ్మా, మీ సంగతి. తొమ్మిదేళ్ళప్పుడు దేశం వదిలి వెళ్ళిపోయారు. ఏళ్ళ తరబడి తిరిగి రాలేదు. మీ శాశ్వత నివాసం రద్దయిపోయింది."

"ఎప్పుడూ?"

"మీకు పన్నెండేళ్ళప్పుడు."

"అదేంటండీ, శాశ్వతం అన్నారుగా?"

"వెళ్ళకుండా ఉంటే శాశ్వతమే."

"నేను వెళ్ళలేదండీ బాబూ! మా నాన్నకి అక్కడ ఉద్యోగం వచ్చింది. నిద్రపోతున్నదాన్ని ఎత్తుకెళ్ళి కార్లో పడుకోబెట్టారు. కళ్ళు తెరిచేసరికి విమానాశ్రయం."

"ఇక్కడ 'స్వచ్ఛందంగా' అని ఉందమ్మా."

"గురకపెట్టే పిల్లకి స్వచ్ఛందమేంటండీ?"

జవాబు లేనప్పుడు చెప్పవలసిన మాట గుమాస్తా దగ్గర సిద్ధంగా ఉంది. విచారణాధికారి ఇంటికి వస్తారు. ఇన్నేళ్ళూ ఈ ఊరితో బంధం తెగలేదని ఆయన ఒప్పుకుంటే సరి. లేదంటే ఉద్యోగం మానేసి, నెల తిరక్కుండా దేశం వదలాలి. ఏడాది క్రితం ఇదే కార్డు చూపించి దేశంలోకి వచ్చానని, అప్పుడెవరూ కిక్కురుమనలేదని పిడుగు అంది. అది వాళ్ళ పొరపాటని, దాని మీద వేరే విచారణ ఉంటుందని గుమాస్తా అంది.

"విచారించుకోండి," అంది పిడుగు, కార్డు లాక్కుని. "అప్పుడు నన్ను అడక్కుండా తీసుకెళ్ళారు. ఇప్పుడు అడిగినా వెళ్ళను."

వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు గానీ దానివల్ల ఒరిగిందేమీ లేదు.

పెద్దమ్మకు వీధి మొదట్లో లాండ్రీ ఉంది. ముందు గదిలో కొక్కేలకు వేలాడే కోట్లు, వెనక గదిలో బుస్సుమనే ఇస్త్రీ, పైన రెండు గదుల ఇల్లు. పిడుగు ఉండేది అక్కడే. ఆ రాత్రి సంగతంతా విని పెద్దమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిందంటే ఎవరికో మూడిందన్నమాట.

"ఆయన్ని రానీ. నువ్వు నోరెత్తకు. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు పెద్దమ్మా?"

"నువ్వసలు ఎక్కడికీ వెళ్ళనేలేదని చెప్తాను."

"వాళ్ళ కంప్యూటర్లో ఉందే!"

"కంప్యూటర్ ఒక్కటి. మనం వీధంతా ఉన్నాం. ఎవరి మాట నెగ్గుతుందో చూద్దాం."

పిడుగు వద్దంది. అరిచింది. నిజమే చెప్తానంది. పెద్దమ్మ తలూపి, సరేనని, మర్నాడు పిడుగు అలా డ్యూటీకి వెళ్ళగానే ఇలా వీధిలోకి దిగింది. పక్క కొట్టు దర్జీ ఆవిడకు, ఎదుటి కొట్టు గడియారాలాయనకు పాఠం ఒకటే: పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది, ఎక్కడికీ వెళ్ళలేదు. ఇద్దరూ ఒకటికి రెండుసార్లు అప్పజెప్పారు.

విచారణాధికారి మూడు రోజుల తర్వాత సాయంత్రం వస్తానన్నాడు. ఆ రోజు ఇంకో విచారణ రద్దయిందని పొద్దున్నే ఊడిపడ్డాడు. ఎక్స్‌రే గదిలో ఉన్న పిడుగుకు పెద్దమ్మ ఫోన్ చేసి, "నువ్వు రానక్కర్లేదే, అంతా బ్రహ్మాండంగా జరుగుతోంది," అంది. ఆ మాట విన్న మరుక్షణం పిడుగు సెలవు చీటీ పడేసి పరుగెత్తింది.

ఆమె లాండ్రీ గుమ్మంలోకి వచ్చేసరికి, సన్నగా, నీట్‌గా ఉన్న అధికారి కోట్ల మధ్య కుర్చీ వేసుకుని శ్రద్ధగా రాసుకుంటున్నాడు. దర్జీ ఆవిడ మంచి ఊపు మీదుంది.

"ఏటా బడి యూనిఫారం నేనే కుట్టేదాన్నండీ. ఏటా అంచులు విప్పి పొడుగు చెయ్యడమే. ఏం పెరిగేదండీ ఆ పిల్ల!"

గడియారాలాయన వెనకబడిపోతానేమోనని కంగారుపడ్డాడు. "నా కొట్లో పెద్ద గోడగడియారాన్ని బంతి పెట్టి కొట్టింది సార్! పదమూడేళ్ళుంటాయేమో. చెవి మెలేస్తే, రిపేరు నేర్పించమని నన్నే గదమాయించింది."

"సైకిల్ మీంచి పడితే ప్యాంటు కుట్టింది నేనండీ," అంది దర్జీ ఆవిడ. "నొప్పని ఏడవలేదు. ప్యాంటు చిరిగిందని ఏడిచింది."

వీటిలో ఒక్క ముక్కా పాఠంలో లేదు. పెద్దమ్మ వెనక నిలబడి కళ్ళతో ఇక చాలంటోంది. వాళ్ళు ఆగితేగా!

ఇవన్నీ అబద్ధాలని అరవడానికే పిడుగు నోరు తెరిచింది. మాట రాలేదు, ఏడుపొచ్చింది. పదమూడేళ్ళప్పుడు తను ఎక్కడుంది? భాష రాని బడిలో, ఆఖరి బెంచీలో, ఎవరైనా పలకరిస్తారేమోనని భయపడుతూ, పలకరించకపోతే బాధపడుతూ కూర్చుని ఉంది. ఆ గడియారమేదో తను పగలగొట్టి ఉంటే ఎంత బాగుండేది! ఒక చెంప తుడుచుకునేలోపే అవకాశం చేజారిపోయింది.

"చాలా సంతోషం," అన్నాడు అధికారి. "మా కంప్యూటర్‌కి తప్పులు అలవాటే. ఇంతమంది పెద్దమనుషులు చెప్తున్నారు. అయితే ఈవిడ దేశం దాటనేలేదు."

"దాటనేలేదు!" అన్నారు ముగ్గురూ.

"మరి ఎక్స్‌రే చదువు విదేశంలో చదివినట్టు ఈవిడ ఆసుపత్రిలో పట్టా చూపించారే? దాటకపోతే అది దొంగ పట్టా అవుతుంది."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిడుగు, "అయ్యో, కాదండీ!" అంటూ కోట్లు తోసుకుని వచ్చేసరికే అధికారి ఆసుపత్రికి ఫోన్ కలిపేశాడు. అవతల ఉన్నది పిడుగు పైఅధికారి. అసలే కంగారు మనిషి.

"దొంగ చదువా!" ఫోన్ పగిలేలా అరిచాడాయన. "ఏడాదిగా ఎక్స్‌రేలన్నీ ఆవిడే తీసింది సార్! అయితే విరిగినవన్నీ విరిగినట్టా, విరగనట్టా? నేనిప్పుడే అందరినీ వెనక్కి పిలిపిస్తాను!"

పెట్టేశాడు. అన్నంత పనీ చేశాడు. పావుగంటలో, కాలికి నడుము దాకా పిండికట్టుతో ఒక పెద్దమనిషి ఎవరి భుజమో పట్టుకుని గెంతుతూ లాండ్రీలోకి వచ్చాడు. రెండు వీధుల అవతలే ఉంటాడు. ఆయన కోటు ఇంకా కొక్కేనికే ఉంది.

"ఏమమ్మా పిడుగూ, నా కాలు విరిగిందా లేదా? ముందది తేల్చు!"

"విరిగిందండీ. నిక్షేపంలా విరిగింది."

"దొంగ ఎక్స్‌రే అంటున్నారే! విరక్కుండానే నెల్లాళ్ళ నుంచి మంచమ్మీద ఉన్నానా నేను?"

దర్జీ ఆవిడకు భయం పట్టుకుంది. మంచి మనిషే, పిల్ల ఉద్యోగం పోతుందని భయం. "సార్, అసలు నేనీ అమ్మాయిని ఏడాది కిందటి దాకా చూడనేలేదండీ! మొహం కూడా తెలీదు!"

"యూనిఫారాలు?"

"వేరే పిల్లవండీ."

అధికారి గడియారాలాయన వైపు తిరిగాడు. ఆయన నేల చూపులు చూస్తూ, "గడియారం దానంతటదే పడింది సార్," అన్నాడు.

అధికారి అప్పటిదాకా రాసిందంతా నిలువునా చించాడు. "తప్పుడు సాక్ష్యం. ఒకటి కాదు, రెండువైపులా తప్పుడు సాక్ష్యం!" పెద్దమ్మ ఆయన్ని తిట్టింది. దర్జీ ఆవిడ గడియారాలాయన్ని తిట్టింది. పిండికట్టాయన అందర్నీ తిట్టాడు. వెనక గదిలో ఇస్త్రీ కింద ఎవరిదో చొక్కా మాడిన వాసన వచ్చింది.

"గాలి పీల్చండి! బిగబట్టండి! ఎవరూ కదలొద్దు!"

అది పిడుగు ఎక్స్‌రే గది గొంతు. ఆ గొంతుకు ఎదురు తిరిగిన ఛాతీ ఈ ఊళ్ళో లేదు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అధికారి నిజంగానే ఊపిరి బిగబట్టాడు.

"నేను వెళ్ళాను," అంది పిడుగు. "వెళ్ళలేదని ఎవరు చెప్పినా వినకండి. ఇరవై ఏళ్ళు అక్కడున్నాను, అక్కడే చదివాను, పట్టా నికార్సైంది. కానీ వెళ్ళమని నన్నెవరు అడిగారు? మా నాన్న అడగలేదు. మీ ఆఫీసు అడగలేదు. పన్నెండేళ్ళ పిల్ల నివాసం రద్దు చేసేటప్పుడు, ఏమ్మా నీకిష్టమేనా అని ఒక్క ముక్క రాశారా? చదువైంది, నాలుగు రాళ్ళు చేతికొచ్చాయి, నా కాళ్ళతో నేను తిరిగొచ్చాను. నేను స్వచ్ఛందంగా చేసిన పని ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. ఇది నా ఊరు. ఎవరికి కాదనిపిస్తే వాళ్ళే వెళ్ళొచ్చు."

ఎదురు చెప్పాలన్నా ఊపిరి కావాలి.

"వదలండి," అంది పిడుగు. అందరూ హమ్మయ్యా అని వదిలారు.

అధికారి మొహం కొంచెం మెత్తబడింది. "మాట బాగానే ఉందమ్మా. కానీ చట్టానికి మాట చాలదు. మీరు అక్కడ పెరిగిన ఆ ఏళ్ళలో ఇక్కడి మనిషి ఒక్కరైనా మీ బాగోగులు చూసి ఉండాలి. అలాంటి వాళ్ళెవరైనా ఉన్నారా?"

పిడుగు తల దించుకుని, "లేరండీ," అంది. పెద్దమ్మ వంక చూడలేదు.

"సరే. 'ఎవరూ లేరు' అని రాస్తున్నాను."

"ఎవరూ లేరా?" పెద్దమ్మ అధికారి కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. "నేను చచ్చాననుకున్నారా?"

"పెద్దమ్మా, ఊరుకో!"

"నువ్వూరుకోవే! మా చెల్లెలు నడుం విరిగి మంచాన పడితే నెల్లాళ్ళకని వెళ్ళి ఐదేళ్ళు ఉన్నానండీ అక్కడ! దీనికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది ఎవరు? బడికి వెళ్ళనని మంచం కింద దూరితే బయటికి లాగింది ఎవరు? ఎవరితోనూ మాట కలవక మూల కూర్చుంటే, రోజూ సాయంత్రం ఈ వీధి కబుర్లన్నీ కూర్చోబెట్టి చెప్పానండీ. ఏ కొట్టు పక్కన ఏ కొట్టుందో కళ్ళు మూసుకుని చెప్పేది పిల్ల. దానికి ఎవరూ లేరని రాస్తారా? రాయండి, నేనూ చూస్తాను!"

'నెల్లాళ్ళ' దగ్గర పిడుగు ఆవిడ చెయ్యి గిల్లింది. 'ఐదేళ్ళ' దగ్గర నోరు మూయబోయింది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఐదేళ్ళు కొట్టు మూసి ఎక్కడికి వెళ్ళావని ఆవిడను ఏ ఆఫీసూ అడగలేదు కాబట్టి ఎవరూ ఎత్తరు, అంతే. పిడుగు అన్ని రోజులూ ఆ ఒక్క నిజాన్ని నోట్లోనే నొక్కిపెట్టి ఉంచింది.

"ఇదేగదమ్మా నేనిందాక అడిగింది!" అధికారి లేచి నిలబడ్డాడు. "ఇక్కడి శాశ్వత నివాసి చేతుల్లో పెరిగిన పిల్లకి బంధం తెగదు. ఈవిడ నివాసం రద్దు చెల్లదు. ఆసుపత్రికీ నేనే చెప్తాను, చదువు అసలైందేనని."

దర్జీ ఆవిడ పిడుగును వాటేసుకుంది. పిండికట్టాయన, "అయితే నా కాలు విరిగినట్టేగా?" అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని, "బతికించావు తల్లీ," అంటూ గెంతుకుంటూ వెళ్ళాడు. సంబరంలో ఎవరూ గమనించలేదు గానీ, అధికారి ఇంకా నిలబడే ఉన్నాడు. పెద్దమ్మ వంక జాలిగా చూస్తున్నాడు.

"అమ్మా, ఐదేళ్ళు అన్నారు కదూ? మీరు వెళ్ళేనాటికి ఉంది కాబట్టి ఈవిడకి ఢోకా లేదు గానీ, అన్నేళ్ళు బయటుంటే మీ నివాసం కూడా తర్వాత రద్దయి ఉంటుందండీ."

ఇప్పుడు ఊపిరి బిగబట్టమని ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు.

"కానివ్వండి," అంది పెద్దమ్మ, కుర్చీ లాక్కుని కూర్చుని. "ఆ ఐదేళ్ళకి నేను బాధపడను. రేపు మా చెల్లెలు మళ్ళీ మంచాన పడ్డా మళ్ళీ వెళ్తాను, మళ్ళీ వస్తాను. ఈ కొట్టు నాది. కొక్కేల మీద ఊరందరి కోట్లున్నాయి. నన్ను కదిలిస్తే ఊరంతా చలికి వణుకుతుంది."

"కదిలించక్కర్లేదమ్మా, దారి ఉంది. ఈవిడ శాశ్వత నివాసి కాబట్టి, మీరు ఈవిడ మీద ఆధారపడిన పెద్దగా ఉండిపోవచ్చు. పోషణ, బాధ్యత అన్నీ ఈవిడవే. చిరునామా మార్చాలన్నా, ఊరు దాటాలన్నా ఈవిడ అనుమతి కావాలి."

"ఎవరి అనుమతీ? దీనిదా? ముక్కు చీదడం నేర్పాను దీనికి! నేను దీని మీద ఆధారపడడమేంటి, నాన్సెన్స్!"

ఆవిడ గంటసేపు పోట్లాడింది. ఆధారపడిన అన్నచోట ఇంకేదైనా రాయమంది. అజమాయిషీ చేసే అని రాయమంది. అలాంటి గడి లేదన్నాడు అధికారి. ఆఖరికి మొహం గోడవైపు తిప్పుకుని సంతకం పెట్టింది. పిడుగు ఆనందంగా, కళ్ళు తుడుచుకుంటూ, చకచకా తన సంతకాలూ పెట్టింది.

"ఇక ఒక్కటే ప్రశ్న," అన్నాడు అధికారి. "ఆధారపడిన వ్యక్తి నడవడి సంతృప్తికరమేనా?"

పిడుగు పెద్దమ్మను ఎగాదిగా చూసి, ఆలోచించుకోవడానికి వారం గడువు అడిగింది.